శాలువా వద్దన్న కొరియా తాత

మొన్న బుధవారం నీళ్ల ట్యాంకరు మా సెల్లారు పిల్లరును మళ్లీ గుద్దింది. ఈ ఎండాకాలంలో ఇది మూడోసారి. నేను కిందికి పరిగెత్తి చూసేసరికి డ్రైవరు పెచ్చు ఊడిన చోట చెయ్యి పెట్టి, తానే అతికించబోతున్నట్టు నిమురుతున్నాడు. నేను నోరు విప్పకముందే అతనే అందుకున్నాడు.

"నా తప్పు గాదు మేడం. మీ కాడ రివర్స్ చెప్పే తాత ఉండె గదా, గా కొరియా తాత, యాడికి పోయిండు? ఆయనుంటే మేము అద్దం గూడ చూడకపోదుము."

నేను మా వాచ్‌మన్ యాదయ్య వైపు చూశాను. యాదయ్య నేల వైపు చూశాడు.

"తాత సచ్చిపోయిండు భై," అన్నాడు. "చలికాలంల. వాళ్ల దేశం మల్ల పోయినంక, ఆడ్నే. కొడుకు ఫోన్ చేసి మేడంకు చెప్పిండు."

డ్రైవరు పిల్లరు మీద నుంచి చెయ్యి తీసేశాడు. "మావోళ్లకు చెప్తా," అని మాత్రం అన్నాడు. చెప్పినట్టే ఉన్నాడు. సాయంత్రం లోపల ఇంకో నలుగురు ట్యాంకరు డ్రైవర్లు గేటు ముందు బండి ఆపి, యాదయ్యను అడిగి, నిజమేనని తెలుసుకుని వెళ్లిపోయారు. హఫీజ్‌పేట్ చుట్టుపక్కల నీళ్లు మోసేవాళ్లలో ఆయనకు ఇంత పలుకుబడి ఉందని నాకు ఆ పూటే తెలిసింది.

పోయినవాళ్ల గురించి మొహం వేలాడేసుకుని రాయాలని ఎవరు పెట్టారో గానీ, ఆ మనిషి విషయంలో నాకది చేతకాదు. తలుచుకోగానే ముందు నవ్వొస్తుంది. ఆయనకు మూడు ముక్కల పేరొకటి ఉంది. నేను అపార్ట్‌మెంట్ వార్షిక పుస్తకంలో రాయబోతే వద్దన్నాడు. "పేరు రాస్తే పెద్దమనిషి అయిత. పెద్దమనుషులతోని నాకు పరేషాన్," అన్నాడు. కాబట్టి ఇక్కడా రాయను.

తాత భార్య పోయాక కొడుకు ఆయన్ని వెంట పెట్టుకుని హైదరాబాదుకు వచ్చాడు. కొడుకు మాదాపూర్‌లో ఏదో కొరియా కంపెనీ ఆఫీసును చూసుకునేవాడు. వచ్చిన మొదటి రెండు వారాలూ తాత ఎవరితోనూ మాట్లాడలేదు. చేతులు వెనక్కి కట్టుకుని అపార్ట్‌మెంట్ చుట్టూ తిరిగేవాడు. అందరం ఆయన్ని కోపిష్ఠి అనుకున్నాం.

మా సెల్లారు ర్యాంపు సంగతి చెప్పాలి. మా బిల్డరు జానెడు జాగా కూడా వదలకూడదని దాన్ని మధ్యలో వంకర తిప్పాడు. బోరు ఎండిపోయిన రోజుల్లో ట్యాంకరు అందులోంచి వెనక్కి దిగాలి. ఒకరోజు పొద్దున ఒక ట్యాంకరు ఆ వంకరలో ఇరుక్కుంది. డ్రైవరుకు యాదయ్య ఎడమకు కొట్టమన్నాడు, మా అసోసియేషన్ ప్రెసిడెంటుగారు కుడికి కొట్టమన్నారు, నేను బాల్కనీలోంచి అసలు కదలొద్దన్నాను. డ్రైవరుకు తల ప్రాణం తోకకొచ్చింది.

అప్పుడు ఈయన వెళ్లి, డ్రైవరుకు అద్దంలో కనపడే చోటు చూసుకుని నిలబడి, రెండు చేతులూ పైకెత్తాడు. ఎందుకో అందరం నోళ్లు మూసుకున్నాం. కుడిచేతి వేళ్లు రమ్మంటున్నాయి, ఎడమ అరచెయ్యి ఎంత దూరముందో చెబుతోంది. బండి చిన్నగా, బుద్ధిగా దిగింది. పిడికిలి బిగించాడు. బండి ఆగింది. గోడకూ బండికీ మధ్య ఒక బెత్తెడు జాగా మిగిలింది. ఆయన డ్రైవరుకు ఠంచనుగా సెల్యూట్ కొట్టి, మళ్లీ చేతులు వెనక్కి కట్టుకుని తన నడక తాను నడిచాడు.

ఆ రోజు నుంచి అది ఆయన ఉద్యోగం. పొద్దున ఏడింటికల్లా యాదయ్య పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. తెలుగు అక్కడే నేర్చుకున్నాడు, అంటే యాదయ్య నల్లగొండ తెలుగు. ముందు వచ్చినవి పనికొచ్చే మాటలే. "రానియ్, రానియ్, జర లెఫ్ట్ కొట్టు, ఇగ ఆపు భై!" ఏడాది తిరిగేసరికి ఆ తెలుగుతోనే ఊరందరి మంచిచెడ్డలూ అడిగేవాడు. ఎవరినైనా నువ్వు అనే పిలిచేవాడు. మా ప్రెసిడెంటుగారిది కాకినాడ. కట్టుకున్న భార్యను కూడా అండీ అని పిలిచే మనిషి. లిఫ్టులో ఈయన ఎదురుపడి, "ఏంది ప్రెసిడెంటూ, తిన్నవా?" అని భుజం మీద చరిస్తే, పాపం ఆయన మొహంలో రంగులు మారేవి.

"తిన్నానండి," అనేవారు, ఒంటిని కాస్త దగ్గరికి లాక్కుని.

నోటీసులు అంటించడం ప్రెసిడెంటుగారికి సరదా. ఒకసారి "మూడో అంతస్తు నుంచి పులిసిన క్యాబేజీ వాసన వస్తున్నదని ఫిర్యాదులు అందినవి" అని లిఫ్టు పక్కన అంటించారు. తాత యాదయ్య చేత చదివించుకుని, తమ కొరియా క్యాబేజీ పచ్చడినే ఒక గిన్నె నిండా పట్టుకుని నేరుగా ప్రెసిడెంటుగారింటికి వెళ్లాడు. ప్రెసిడెంటుగారి భార్య ఒక ముక్క నోట్లో వేసుకుని, "బాగుందండి, కారమే ఇంకాస్త పడాలి," అన్నారట. మర్నాటికి నోటీసు లేదు.

మా ఇంటికి మాత్రం ఆదివారాలు వచ్చేవాడు, రాగి సంగటి కోసం. నాది అనంతపురం. హైదరాబాదులో సంగటి ముద్ద చేతికిస్తే మొహమాటంగా నవ్వేవాళ్లే ఎక్కువ. ఈయన మొదటి రోజే ముద్ద తుంచి చెనిక్కాయల చట్నీలో అద్ది నమలకుండా మింగేశాడు. నాకెంత సంతోషమైందో చెప్పలేను.

"ఇది సిపాయి తిండి," అన్నాడు. "నమిలేటందుకు టైం ఉండదు మాకు."

ఆయన సైన్యంలో లారీ నడిపాడని నాకు తెలిసింది అలాగే. కానీ ఒక వింత ఉంది. ఊళ్లో బండ్లన్నిటికీ దారి చెప్పే మనిషి తాను మాత్రం స్టీరింగు ముట్టడు. డ్రైవర్లు బతిమాలేవారు, ఒక్కసారి ఎక్కు తాతా అని. రెండు చేతులూ వెనక దాచుకునేవాడు. "చాన నడిపిన. అయిపోయింది," అనేవాడు. కొడుకు కారులో కూడా వెనక సీట్లోనే.

"యాడ నడిపినావ్ తాతా లారీ?" అని అడిగాను ఒక ఆదివారం.

"వియత్నాంల."

"అక్కడ కొట్లాడింది అమెరికా వాళ్లు గదా?"

ఆయన నవ్వి, తన కంచంలోని సంగటి ముద్దను మధ్యకు జరిపాడు. ఇది అమెరికా, అన్నాడు. దాన్నుంచి చిన్న చిన్న ఉండలు తుంచి చుట్టూ పెట్టాడు. ఇది మా కొరియా, ఇది థాయిలాండు, ఇది ఆస్ట్రేలియా.

"పెద్దోడు కొట్లాటకు ఒక్కడే పోడు అమ్మా. నల్గురిని ఎంబడి తీస్కపోతడు. ఒక్కడే పోతే జులుం అంటరు. నల్గురు పోతే న్యాయం అంటరు. మాది గరీబు దేశం. అమెరికా మమ్ముల కాపాడింది, అది పిలిచింది, మా పెద్దలు పంపిండ్రు. వేలు వేలు మంది పోయినం. మా దేశానికి పైసలొచ్చినయ్, రోడ్లొచ్చినయ్. నా జీతంతోని మా అమ్మ ఇంటికి రేకులేసింది."

"నీకిష్టమయ్యే పోయినావా?"

ఇష్టమయ్యే, అన్నాడు. ఆయనకు నాలుగైదేళ్లప్పుడు వాళ్ల దేశంలో యుద్ధమొచ్చి, ఉత్తరం వాళ్లు తండ్రిని ఇంట్లోంచి తీసుకుపోయారు. తండ్రి మళ్లీ రాలేదు. బడి గోడ మీద కమ్యూనిస్టు బొమ్మ ఉండేదట, ఎర్రటి ఒళ్లు, కోరలు, తోక. "మనిషి గాదనుకున్న," అన్నాడు. "మనిషి గాదంటే కొట్లాడుడు అల్కగ అయితది."

ఆ రోజు యాదయ్య మంచినీళ్ల క్యాను తెచ్చి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఉండబట్టలేక, "మా తాత గూడ కమ్యూనిస్టే," అన్నాడు. "నల్లగొండ దిక్కు సంఘంల ఉండె. గుత్ప కర్రలు పట్కొని దొర గడీ మీదికే పోయిండు."

తాత చేతిలో ముద్ద అలాగే ఆగింది. యాదయ్యను నెత్తి నుంచి కాళ్ల దాకా చూశాడు. వంగి వెనక కూడా చూశాడు. మిగతా సంగటి తినకుండా లేచి వెళ్లిపోయాడు. రెండు రోజులు గేటు దగ్గరికి రాలేదు. యాదయ్య కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. మూడో రోజు తాత కుర్చీ మోసుకుంటూ వచ్చి, యాదయ్య ఎదురుగా వేసుకుని కూర్చుని, చాలా గంభీరంగా అడిగాడు.

"నీ తాతకు కోరలుండెనా?"

"నాకు తెలిసేసరికి పండ్లే లేకుండె తాతా."

తాత ముందు ముక్కుతో నవ్వాడు. తర్వాత పొట్ట పట్టుకున్నాడు. తర్వాత ట్యాంకరు పైపు పట్టుకుని నిలదొక్కుకోవాల్సి వచ్చింది. ఆ పూట నుంచి యాదయ్య ఆయనకు కామ్రేడ్ అయ్యాడు. "కామ్రేడ్, గేటు తియ్యి!" అని ఆయన అరుస్తుంటే, దారిన పోయేవాళ్లు మా అపార్ట్‌మెంట్ వైపు కాస్త అనుమానంగా చూసేవాళ్లు.

ఇలా హాయిగా సాగిపోతుండగా బీ బ్లాకులోకి లాన్ వచ్చింది. ఇద్దరు తెలుగు అమ్మాయిలతో కలిసి ఫ్లాటు పంచుకునేది. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ పరీక్షించే ఉద్యోగం, సొంత దేశం వియత్నాం. ఎనిమిదిన్నరకు క్యాబు కోసం గేటు దగ్గర నిలబడేది. పరాయి ఊళ్లో తన తాతలాంటి మొహమున్న తాత కనపడేసరికి ఆ పిల్లకు ప్రాణం లేచొచ్చింది. రోజూ చేతులు జోడించి, నడుం వంచి, వాళ్ల పద్ధతిలో దండం పెట్టేది. తాత కొయ్యబారిపోయి గేటు వైపు తిరిగేవాడు.

నాకు ఒళ్లు మండింది. "ఏం తాతా, ఆ బిడ్డ అంత మర్యాదగా దండం పెడతా ఉంటే మొగం తిప్పుకుంటావే?"

"ఆమెది ఏ ఊరో అడుగు," అన్నాడు.

అడిగి వచ్చి చెప్పాను. సముద్రపు ఒడ్డున ఒక ఊరు. ఆయన ఆ పేరును తాను ఇంకోసారి పలికాడు, నాకంటే సరిగ్గా. కుర్చీలో కూర్చున్నాడు.

"నేను ఆడ్నే ఉన్న, రెండేండ్లు," అన్నాడు. "ఆ పిల్ల తెల్వక దండం పెడుతది అమ్మా. తెలిస్తే పెట్టది. తెల్వక పెట్టింది తీస్కుంటే దొంగతనం గదా?"

"అయితే చెప్పేయ్."

"చెప్త."

చెప్పలేదు. యుద్ధానికి పోయి వచ్చిన మనిషికి ఒక పాతికేళ్ల పిల్లతో మాట్లాడే ధైర్యం లేకపోయింది. ఎనిమిదీ ఇరవైకల్లా కుర్చీ మడిచి పైకి వెళ్లిపోయేవాడు. ఏం చెప్పాలో యాదయ్య ముందు కూర్చుని తెలుగులో వల్లె వేసేవాడట, మళ్లీ తలూపి మానేసేవాడట.

లాన్ ఒకరోజు నా దగ్గరికే వచ్చింది. "నేను ఆ తాతగారి పట్ల ఏమైనా తప్పు చేశానా?" అని ఇంగ్లీషులో అడిగింది. ఆ పిల్ల కళ్లలో నీళ్లున్నాయి. ఆయనకు చూపు సరిగా ఆనదమ్మా అన్నాను. బెత్తెడు జాగాలో ట్యాంకరు దింపించే మనిషికి చూపు ఆనదట! ఆమె ర్యాంపు వైపు ఒకసారి చూసి, సరేనని వెళ్లిపోయింది. నా మీద నాకే రోత పుట్టింది. ఆయన గుట్టు నేను విప్పడానికి లేదు, ఆ పిల్ల బాధ చూడ్డానికీ లేదు.

అంతలో పంద్రాగస్టు వచ్చింది.

మా అసోసియేషన్‌లో మీటింగుకు రానివాళ్లను పదవిలోకి ఎన్నుకోవడం ఆనవాయితీ. అలా నేను సాంస్కృతిక కార్యదర్శిని. జెండా పండుగకు మైకు నా చేతిలోనే ఉంటుంది. జెండా, రెండు దేశభక్తి పాటలు, ఒక పెద్దమనిషికి శాలువా, తర్వాత ఇడ్లీ వడ, ఇదీ మా వరస. ఆ ఏడాది నేను అనంతపురంలో పెళ్లికి పోయి ఆ పొద్దునే రైలు దిగాను. స్నానం చేసి స్టేజీ ఎక్కేసరికి ప్రెసిడెంటుగారు ఒక కాగితం నా చేతిలో పెట్టారు.

"ఈసారి శాలువా మన కొరియా పెద్దాయనకండి. ఆయన యోధుడని మనకెవరికీ తెలియదు చూడండి. మొన్న యాదయ్య చెబితే తెలిసింది. అంతా నేనే రాశాను, మీరు చదివేయండి చాలు."

ముందు వరసలో తాత ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని వెలిగిపోతున్నాడు. ట్యాంకర్ల సేవకే సన్మానం అనుకున్నాడు పాపం. యాదయ్యకు కూడా అలాగే చెప్పుకున్నాడట. నేను గొంతు సవరించుకుని చదవడం మొదలుపెట్టాను. నాకొక దురలవాటుంది, నోరు ముందు పోతుంది, బుర్ర వెనక వస్తుంది.

"అమెరికా సామ్రాజ్యవాదుల గుండెల్లో నిద్రపోయి, సోదర వియత్నాం ప్రజల స్వేచ్ఛ కోసం ప్రాణాలకు తెగించి పోరాడిన వీరుడు," అని గట్టిగా చదివేశాక గానీ ఏం చదివానో నాకు ఎక్కలేదు. నాలుక కరుచుకున్నాను. అప్పటికే చప్పట్లు మోగుతున్నాయి.

ప్రెసిడెంటుగారిని పూర్తిగా తప్పు పట్టలేను. వియత్నాం యుద్ధమంటే మనవాళ్ల లెక్కలో అమెరికా ఒక పక్క, తక్కిన లోకమంతా ఒక పక్క. వియత్నాంలో యుద్ధం చేశాడంటే వియత్నాం కోసమే చేసి ఉంటాడు, అందులో అనుమానమేముంది? అంతటితో ఆగినా బాగుండేది. "ఆ వీర వియత్నాం ఆడపడుచు చేతుల మీదుగా," అని ఉంది తర్వాతి వాక్యం. నేను చదవలేదు. నేను చదవకపోయినా లాన్ శాలువాతో స్టేజీ ఎక్కేసింది. ప్రెసిడెంటుగారు ముందే చెప్పి ఉంచారు. ఆ పిల్ల మొహం ఇప్పటికీ నా కళ్ల ముందుంది. తాత మొహం ఎందుకు తిప్పుకునేవాడో ఇన్నాళ్లకు అర్థమైందనుకుంది, వినయం వల్లనని. మా కోసం పోరాడాడు, చెప్పుకోలేదు అనుకుంది. అంత సంతోషం మీద నీళ్లు చల్లాలంటే ఎవరికైనా గుండె బండ కావాలి.

తాత మెట్లెక్కి వచ్చాడు. తెలుగు ఆయనకు నిదానంగా ఎక్కుతుంది గానీ, ఎక్కాల్సింది ఎక్కేసింది. లాన్ శాలువా విప్పి రెండు చేతులా పట్టుకుంది. ఆయన ఒకడుగు వెనక్కి వేసి, నా చేతిలోంచి మైకు తీసుకున్నాడు.

"తాతా, ఇప్పుడొద్దు, తర్వాత చెబుదువులే," అన్నాను మెల్లగా.

"ఇప్పుడే," అన్నాడు. "నువ్వు ఇంగ్లీషుల చెప్పు ఆమెకు. నా ఇంగ్లీషు ఆడ నేర్చిందే, ఆ లారీల నేర్చింది. ఆ మాటతోని ఆమెకు చెప్పను."

ఒక్కో మాటా ఆయన అనడం, నేను లాన్‌కు తిప్పి చెప్పడం.

"నేను వియత్నాం కోసం కొట్లాడలే. వియత్నాం మీదికి పోయిన. అమెరికా దిక్కు."

"లారీ నడిపిన. మా సిపాయిలను ఊర్లకాడ దింపిన. ఎక్కించుకొని మల్లొచ్చిన. మల్లొచ్చేటప్పుడు అద్దంల ఊర్లు కాలుతుండె. నేను దిగలే. అడగలే. బండి నడిపిన."

"ఈ బిడ్డ నాకు రోజు దండం పెడుతది. తెల్వక పెడుతది. ఇప్పుడు తెల్సింది. శాలువా నాది గాదు."

చివరి వాక్యం కూడా ఇంగ్లీషులో చెప్పేశాను. మైకు ఒకసారి కీచుమంది. ప్రెసిడెంటుగారు చెమట తుడుచుకుంటున్నారు. తాత అటెన్షన్‌లో నిలబడి, ఏది పడితే అది పడనీ అన్నట్టు ఎదురుగా చూస్తున్నాడు.

లాన్ మొహంలో నవ్వు పోయింది. శాలువాను మడవడం మొదలుపెట్టింది. నాలుగు మడతలు, ఎనిమిది మడతలు, ఇంకా చిన్నగా, చిన్నగా. తర్వాత నాతో అంది, "ఇది నేనొక్కదాన్ని తేల్చేది కాదు. మా తాతను అడగాలి. ఆయన కూడా అప్పుడు అడవిలో ఉన్నాడు, కమ్యూనిస్టుల వైపు."

స్టేజీ మీదే వీడియో కాల్ చేసింది. ఫోన్లో ఒక బక్క ముసలాయన బనీను వేసుకుని ఉయ్యాలలో పడుకుని కనపడ్డాడు. లాన్ వాళ్ల భాషలో చాలాసేపు చెప్పింది. ఆయన లేచి కూర్చున్నాడు. ఫోను దగ్గరికి పెట్టుకున్నాడు. ఏదో అడిగాడు. లాన్ నాకు ఇంగ్లీషులో చెప్పింది, నేను తాతకు తెలుగులో చెప్పాను.

"ఏ రోడ్డు మీద నడిపావని అడుగుతున్నాడు."

"సముద్రం కాడికెల్లి కొండల్లకు పోయే రోడ్డు," అన్నాడు తాత. ఎక్కడెక్కడ వంతెనలుండేవో, ఎక్కడ మలుపుండేదో చెప్పాడు.

అది మళ్లీ తెలుగు నుంచి ఇంగ్లీషుకు, ఇంగ్లీషు నుంచి వియత్నామీస్‌కు వెళ్లింది. అవతల ముసలాయన ఉయ్యాలలోంచి దిగి నిలబడ్డాడు. ఈసారి గొంతు పెద్దదైంది.

"ఆ రెండో వంతెన దాటాక రోడ్డుకు అడ్డంగా గుంటలు తవ్వేవాళ్లం, పైన ఆకులూ మట్టీ కప్పి. ఎప్పుడైనా పడ్డావా అని అడుగుతున్నాడు," అంది లాన్.

తాత కళ్లు చిన్నవయ్యాయి. "రెండుసార్లు," అన్నాడు. "ఒకసారి ముందటి పండ్లు రెండు పోయినయ్." నోరు తెరిచి కట్టుడు పళ్లు చూపించాడు.

ఆ మాట అటు చేరగానే ముసలాయన ఫోను వదిలేసి లోపలికి అరవడం మొదలుపెట్టాడు. తెర మీద ఇంటి పైకప్పు, ఒక ఫ్యాను మాత్రమే కనపడుతున్నాయి. ఎవరో ఆడమనిషి గొంతు విసుగ్గా జవాబు చెబుతోంది. లాన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, నవ్వాపుకోలేక.

"మా నాయనమ్మను పిలుస్తున్నాడు. పడ్డాడట, రెండుసార్లు పడ్డాడట, నేను చెప్తే నమ్మావా అంటున్నాడు. ఆ గుంటలు తవ్వి చేతులు కాయలు కాశాయట. ఒక్క బండి కూడా పడలేదని ఊరంతా ఆటపట్టించేవాళ్లట, ఇన్నేళ్లూ!"

ముందు యాదయ్య నవ్వాడు. తర్వాత నేను. ఆ తర్వాత మొత్తం అపార్ట్‌మెంటే నవ్వింది. తాత మాత్రం నవ్వకుండా ఫోను వైపే చూస్తున్నాడు. తెర మీదికి మళ్లీ ముసలాయన మొహం వచ్చింది. ఆయనా ఇప్పుడు నవ్వడం లేదు. నిదానంగా మాట్లాడాడు. లాన్ ఒక్కో మాటా ఏరుకుని చెప్పింది.

"కాలిన ఊళ్ల సంగతి నేను క్షమించలేను. అది చచ్చిపోయినవాళ్లు చేయాల్సిన పని. కానీ గుంట నాది. పళ్లు నీవి. దానికి నీకూ నాకూ చెల్లు."

తాతకు నేను తెలుగులో చెప్పాను. ఆయన తలూపాడు. "సరిగ్గ చెప్పిండు," అన్నాడు. "ఊర్లది ఊర్లకే." ఫోనుకు సెల్యూట్ కొట్టాడు. అటునుంచి బనీను ముసలాయన కూడా కొట్టాడు, కాస్త ఆలస్యంగా, కాస్త వంకరగా.

అంతా అయ్యాక ప్రెసిడెంటుగారు దీనంగా అడిగారు. "మరి ఈ శాలువా ఎవరికి వేయాలండి? తెచ్చాం కదా!"

"కామ్రేడ్‌కు వెయ్యి," అన్నాడు తాత. "తొమ్మిదేండ్ల సంది గేటు కాడ ఉన్నడు. ఒక్కనాడన్న ఏసినవా ప్రెసిడెంటూ?"

ప్రెసిడెంటుగారు శాలువా మడతలు విప్పారు. యాదయ్య వద్దు సార్, వద్దు సార్ అంటూ వెనక్కి జరుగుతుంటే పిల్లలు పట్టుకుని స్టేజీ మీదికి తోశారు. సంఘంలో పనిచేసిన తాత మనవడి మీద శాలువా పడింది. మా అపార్ట్‌మెంట్‌లో అంత గట్టిగా చప్పట్లు కొట్టడం నేను అంతకు ముందు వినలేదు, తర్వాతా వినలేదు.

ఇడ్లీల దగ్గర జనం మూగారు. తాత ఆ వరసలో నిలబడలేదు. సందు చూసుకుని లిఫ్టు వైపు వెళ్లిపోతున్నాడు. తాను చెప్పాల్సింది చెప్పేశాడు, ఆ పిల్లకు మళ్లీ మొహం చూపించి ఇబ్బంది పెట్టడం దేనికని అనుకున్నట్టున్నాడు. నేను పిలవబోయాను. అప్పటికే లాన్ యాదయ్య పక్కకు వెళ్లి చెవిలో ఏదో అడుగుతోంది. యాదయ్య ఒకటికి రెండుసార్లు పలికి వినిపించాడు. ఆమె పెదాలు కదుపుతూ కంఠస్థం చేసుకుని, చకచకా నడిచి వెళ్లి లిఫ్టు ముందు తాతకు అడ్డంగా నిలబడింది. చేతులు జోడించి నడుం వంచింది.

"తాతా," అంది, నల్లగొండ తెలుగులో, "ఇప్పుడు తెల్సే పెడుతున్న."

ఈసారి తాత మొహం తిప్పుకోలేదు. ఆమె కంటే కిందికి వంగాడు. లాన్ లేచి నిలబడింది, ఆయన లేవలేదు. ఎంతసేపటికీ లేవలేదు. ప్రెసిడెంటుగారు చేతిలో ప్లేటుతో పరిగెత్తుకొచ్చి, "నడుం పట్టేసినట్టుందండీ, ఎవరైనా పట్టుకోండి!" అని కంగారు పడ్డారు. నేను వెళ్లి భుజం పట్టుకుని చూశాను. నడుం బాగానే ఉంది. మొహం దాచుకోవడానికి ఆయనకు ఇంకో చోటు లేదంతే.

"లే తాతా, ఇడ్లీలు చల్లారిపోతాయి," అన్నాను.

లేచాడు. చెంపలు తుడుచుకోకుండానే లాన్ చెయ్యి పట్టుకుని వరసలోకి నడిచాడు.